అరెస్టు వివరాలు వెతకబోయే ముందు

మనవాళ్లను పోలీసులు తీసుకెళ్లారని కబురు వస్తే కాళ్లూ చేతులూ ఆడవు. అయినా ఫోన్ తీసే ముందు ఇవి చూసుకోండి.

• పేరొక్కటే పట్టుకుని వెతకొద్దు. ఇంటిపేరుతో సహా కలిసేవాళ్లు మండలానికి నలుగురుంటారు. తండ్రి పేరు, వయసు, స్టేషన్, తేదీ కాగితం మీద రాసుకోండి.

• స్టేషన్‌లో అడగడానికి మొహమాటం వద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం, ఏఎస్ఐ (అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్) హోదాకు తగ్గని అధికారి ఒకరు అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, నేరం స్వభావం నమోదు చేయాలి. ఆ వివరాలు స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనిపించేలా ఉంచాలి. మీరు అడిగేది దయ కాదు.

• ఎఫ్ఐఆర్ పోలీసుల వెబ్‌సైట్‌లో కనబడలేదంటే కేసు లేదని కాదు. 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నెట్ అందని చోట్ల 72 గంటల దాకా గడువుంది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి కేసులవి పెట్టరు.

• అరెస్టయినవారిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అందుకే స్టేషన్‌లో సమాధానం దొరక్కపోతే కోర్టు దగ్గర వాకబు చేయండి. కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఎఫ్ఐఆర్ నంబరుతోనూ వెతకొచ్చు.

• వివరాలిస్తామంటూ ఓటీపీ, డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అన్నది ఏ చట్టంలోనూ లేదు. ఫిర్యాదుకు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930.

• దొరికిన ఎఫ్ఐఆర్ కాపీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అరెస్టంటే శిక్ష పడినట్టు కాదు.