ఇంటి దగ్గరే రాక్ స్లైడర్లు: బరువంతా చాసీ మీదికే పోవాలి

పలమనేరు, కుప్పం వైపు బండదారుల్లోనైనా, చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల రాళ్ళ గట్ల మీదైనా, వంక దాటే చోటైనా బండికి ఎక్కువగా దెబ్బ తగిలేది తలుపు కింది అంచుకే. ముందు టైరు ఎక్కి దిగిన గుండు నేరుగా ఆ పలచటి రేకు మీదికి వస్తుంది. రేకు లోపలికి పోయిందంటే తలుపు సరిగ్గా పడదు. కోసి కొత్త రేకు అతికించడం తప్ప దారి ఉండదు. ఆ అంచుకు రక్షణగా చాసీకి, అంటే బండిని కింద మోసే ఇనుప చట్రానికి, బిగించే గట్టి పైపులే రాక్ స్లైడర్లు.

షాపుల్లో అమ్మే ఫుట్‌స్టెప్పులు దీనికి పనికిరావు. అవి మనిషి బరువు మోయడానికి చేసినవి. స్లైడర్ బండి బరువులో సగాన్ని ఒక్క చోట మోయాలి, దాని మీద బండి జారి ముందుకు పోవాలి. థార్, జిప్సీ, జిమ్నీ, బొలెరో లాంటి విడి చాసీ ఉన్న బండ్లకే ఈ పద్ధతి. చాసీ, బాడీ ఒకటిగా ఉండే కార్లకు ఇలా చేయకండి, అక్కడ బరువు తీసుకునే దూలమే ఉండదు.

అసలు ఆయువుపట్టు చాసీ నుంచి బయటికి వచ్చి స్లైడర్ పైపును పట్టుకునే చేతుల్లో ఉంది. లెక్క చూడండి. 900 కిలోల బరువు చాసీకి 25 సెంటీమీటర్ల దూరంలో ఒకే చేయి మీద పడిందనుకుందాం. ఆ చేయి ఒకటిన్నర అంగుళం సి క్లాసు (మందం ఎక్కువున్న రకం) గుండ్రటి పైపు అయితే, చాసీకి అతికే మొదలు దగ్గర ఒత్తిడి సుమారు 390 మెగాపాస్కల్ వస్తుంది. మామూలు ఇనుము 250 దగ్గరే వంగిపోతుంది. అదే 80×40×4 ఎంఎం దీర్ఘచతురస్రపు పైపును 80 ఎంఎం వైపు నిలువుగా పెడితే 130 దగ్గరే ఆగుతుంది. చాలామంది చేతులకు కూడా గుండ్రటి పైపే వాడి, మొదటి రాయికే స్లైడర్ బాడీకి ఆనుకుపోయిందని బాధపడతారు. చేతులకు దీర్ఘచతురస్రపు పైపు, రాయి మీద జారే భాగానికి గుండ్రటి పైపు, ఇదే సరైన జోడి.

రెండు తలుపుల థార్‌కు సామాను ఇంత కావాలి. ఒకటిన్నర అంగుళం సి క్లాసు పైపు, అంటే బయటి కొలత 48.3 ఎంఎం, మందం 4 ఎంఎం, సుమారు 8 మీటర్లు. ఆరు మీటర్ల లెంగ్తు ఒకటి, ఇంకోదాంట్లో ముక్క. మీటరు 4.37 కిలోలు తూగుతుంది. తూచి చూస్తే బి క్లాసు ఇచ్చారో లేదో అక్కడే తెలుస్తుంది, అది మీటరుకు 3.56 కిలోలే. 80×40×4 దీర్ఘచతురస్రపు పైపు రెండున్నర మీటర్లు. 6 ఎంఎం ప్లేటు ముక్కలు పన్నెండు, ఒక్కొక్కటి దాదాపు 180×150 ఎంఎం. ఎం12 బోల్టులు 24, తల మీద బలాన్ని చెప్పే 8.8 అనే గుర్తు ఉండాలి, నైలాన్ నట్లతో. జిఐ పైపు వద్దే వద్దు. దాని జింకు పూత వెల్డింగులో పొగై జ్వరం తెప్పిస్తుంది, అతుకూ గుల్లబారుతుంది. తిరుపతి ఆటోనగర్ లాంటి చోట ఇనుము, బోల్టులు, లేతు పని దగ్గర దగ్గర్లోనే దొరుకుతాయి.

కొలతలు తీసేటప్పుడు బండి చదునైన నేల మీద, తన టైర్ల మీదే నిలబడి ఉండాలి. జాకీ మీద ఎత్తి కొలిస్తే చాసీ కొద్దిగా మెలి తిరుగుతుంది. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, టైరుకూ స్లైడర్ కొనకూ మధ్య కనీసం 50 ఎంఎం వదలండి. బాడీకీ పైపుకూ మధ్య 20 నుంచి 25 ఎంఎం ఖాళీ ఉండాలి, ఎందుకంటే బాడీ రబ్బరు బుష్‌ల మీద కదులుతుంది. తలుపు పూర్తిగా తెరిచి, అంచు తగలకుండా ఉందో చూసుకోండి. సైలెన్సరు పైపుకు కూడా 50 ఎంఎం దూరం పాటించండి.

చేతులు వైపుకు మూడు. చాసీకి బోల్టులతో బిగించే పద్ధతినే మేము గట్టిగా చెబుతాం. చాసీ రేకు పలచన, దాని మీద నేరుగా వెల్డింగు చేస్తే వేడి తగిలిన గీత వెంటే పగులు మొదలవుతుంది. దానికితోడు మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. బోల్టులైతే రోడ్డు వాడకానికి విప్పి పక్కన పెట్టుకోవచ్చు. పైపు బాడీ వెడల్పు దాటి మరీ బయటికి రాకుండా చూడండి.

ప్లేట్లు శాండ్‌విచ్ పద్ధతిలో పెట్టాలి. చేయి అతికిన ప్లేటు చాసీకి బయట, రెండోది లోపల. నాలుగు బోల్టుల్లో రెండు చాసీ పై నుంచి, రెండు కింది నుంచి పోతాయి, చాసీకి రంధ్రమే అక్కర్లేదు. లోపలి వైపు బ్రేకు పైపు, డీజిలు పైపు, వైరింగు ఎక్కడ నడుస్తున్నాయో ముందే వేలితో తడిమి చూసుకోండి. రాయి కింది నుంచి ఎత్తినప్పుడు ప్లేటు పై అంచు చాసీని నొక్కుతుంది, కింది అంచు విడిపోవాలని చూస్తుంది. అంటే కింది బోల్టులే లాగుడు మోస్తాయి, అక్కడ సన్న బోల్టుతో సరిపెట్టకండి. బయటి ప్లేటు కింది అంచున చిన్న యాంగిల్ ముక్క అతికి, చాసీ కిందికి పెదవిలా రానివ్వండి. స్లైడర్ పైకి జారకుండా ఆపేది అదే. చేయి కింద ప్లేటుకు ఆనించి 6 ఎంఎం త్రికోణపు ముక్క కూడా వేయండి.

ముందుగా అన్నీ బండి మీదే పెట్టి టాకింగు, అంటే అక్కడక్కడా చిన్న చుక్కల అతుకు, మాత్రమే వేయాలి. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఎర్త్ క్లాంపు వెల్డింగు చేసే ముక్కకే తగిలించండి. పక్కన తడి గోనె, మంటలార్పే సిలిండరు ఉండాలి. తర్వాత విప్పి దించి, నేల మీద పూర్తి వెల్డింగు. బయటి పైపు 10 నుంచి 15 డిగ్రీలు పైకి వాలుగా ఉంటే రాయికి చిక్కుకోదు. వెనక కొన కొంచెం బయటికి తిరిగితే, బండ పక్కన మలుపు తిప్పేటప్పుడు వెనక టైరు భాగం దూరంగా జరుగుతుంది. పైపు వంచే మిషను లేకపోతే రెండు ముక్కల కొనల్నీ 22.5 డిగ్రీలకు కోసి అతికితే 45 డిగ్రీల మలుపు వస్తుంది. గుండ్రటి పైపు ఇంకో పైపును తాకే చోట కొనను అర్ధచంద్రంగా చెక్కాలి. సందు వదిలేసి రాడ్డుతో నింపిన అతుకు చూడటానికి బాగానే ఉంటుంది, దెబ్బకు ఊడుతుంది.

3.15 ఎంఎం రాడ్డు, 100 నుంచి 120 ఆంపియర్లు. 7018 రకం రాడ్డు వాడితే అతుకు దెబ్బను బాగా ఓర్చుకుంటుంది, కానీ డీసీ మిషను ఉంటే మేలు, రాడ్లు పొడిగా ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో విప్పి ఉంచిన ప్యాకెట్టు తేమ పీల్చి, అతుకులో బుడగలు వస్తాయి. దీర్ఘచతురస్రపు పైపు మూలల్లో వెల్డింగు ఆపకండి. మూల తిరిగి అవతలి వైపు దాకా తీసుకెళ్ళండి, పగులు మొదలయ్యేది మూలల్లోనే. అందం కోసం అతుకును గ్రైండరుతో చదును చేయవద్దు, చేస్తే బలమున్న ఇనుమే పోతుంది. రెండు స్లైడర్లనూ వీపులు ఆనించి క్లాంపులతో బిగించి, ఒక మూల నుంచి ఇంకో మూలకు మారుతూ వెల్డింగు చేస్తే విల్లులా వంగవు. కొనలు మూసేముందు పైపు కింది వైపు 6 ఎంఎం రంధ్రం వేయాలి. లేకపోతే లోపలి గాలి వేడెక్కి చివరి అతుకును చీల్చుకుని బయటికి వస్తుంది. తర్వాత అదే రంధ్రం నీళ్ళు పోవడానికి పనికొస్తుంది.

రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పైన మామూలు నలుపు ఎనామెల్. ఖరీదైన పౌడరు కోటింగు అనవసరం, రాయి ఎలాగూ గీస్తుంది, మామూలు రంగైతే బ్రష్షుతో సర్దుకోవచ్చు.

ఎం12 బోల్టులు 80 న్యూటన్ మీటర్లకు బిగించి, నట్టు మీద నుంచి ప్లేటు మీదికి, ప్లేటు అంచు నుంచి చాసీ మీదికి రంగుతో గీతలు గీయండి. ఇప్పుడు స్లైడర్ మధ్యలో చెక్కముక్క పెట్టి మూడు టన్నుల బాటిల్ జాకీతో ఆ వైపు టైర్లు నేల వదిలేదాకా నెమ్మదిగా ఎత్తండి. కింద ఎవరూ దూరకూడదు. ఎత్తక ముందు, దించాక బాడీకీ పైపుకూ మధ్య ఖాళీ కొలవండి. 3 ఎంఎం మించి తగ్గి తిరిగి రాకపోతే ప్లేటు జారిందన్నమాట, లేదా చేయి వంగిందన్నమాట. ప్లేటుకూ చాసీకీ మధ్య గీతలు కదిలి ఉంటే ప్లేటే. అప్పుడు యాంగిల్ ముక్కకూ చాసీకీ మధ్య సందు ఉందేమో చూసి సన్న రేకు దూర్చి బిగించండి. గీతలు అలాగే ఉంటే చేతి వెల్డింగును దగ్గరగా చూడండి. మొదటిసారి రాళ్ళ మీద తిప్పి వచ్చాక నట్లన్నీ మళ్ళీ బిగించాలి, కొత్త రంగు నలిగి పట్టు కొంత వదులవుతుంది.