బేర్‌ఫుట్ షూలు కొనేముందు నొప్పి ఎక్కడుందో చూసుకోండి

బేర్‌ఫుట్ షూలంటే ఉత్త కాళ్లతో నడిచినట్టుండేలా పలచటి సోల్‌తో చేసిన షూలు. ఆ పలచటి సోల్ మోకాలి మీద భారం తగ్గిస్తుంది, నిజమే, కానీ ఆ భారం ఎక్కడికీ పోదు, పిక్కల మీదికీ మడమ వెనక టెండన్ మీదికీ పాదం ముందు ఎముకల మీదికీ దిగుతుంది. అలిపిరి మెట్లు 3,550 చెప్పుల్లేకుండానే ఎక్కేస్తాం కదా అని ధైర్యపడకండి. అది నడక, పరుగులో ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుంది.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుంటే ముందు ఆర్చ్ సపోర్ట్ ఇన్‌సోల్ (పాదం వంపుకి ఆసరా ఇచ్చే, షూ లోపల వేసుకునే అట్ట) వేసి చూడండి, రెడీమేడ్‌దే చాలామందికి సరిపోతుంది, వేల రూపాయలు పోసి పాదం అచ్చు తీయించుకోవాల్సిన పని మొదట్లోనే లేదు. బొటనవేలు కీలు బిగుసుకుపోయినవాళ్లకి వంగని గట్టి సోలే హాయి.

ఏ షూ అయినా సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి, వేళ్లు అంచు దాటితే అది వద్దు.

బేర్‌ఫుట్ షూలే కావాలంటే ముందు ఇంట్లో, తర్వాత నడకకి, పరుగు నెలల మీద. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్‌కి చూపించకుండా వీటి జోలికి పోవద్దు.