హైవే బండి, నాలుగో పాఠం: "నలభై వేలే తిరిగింది సార్!"

రోజూ హైవే మీద వేరే ఊరికి వెళ్లొచ్చేవాళ్లు సెకండ్ హ్యాండ్ కారు ఎలా ఎంచుకోవాలో చెప్పే పాఠాలివి. పైన రాసింది అమ్మేవాళ్లు చెప్పే మాట. మూడో పాఠం మీద మీరు రాసినవన్నీ చదివాను. ఈసారి టెస్ట్ డ్రైవ్ ఒక్కటే చెబుదామనుకున్నాను. కానీ చాలామంది ఒకే చోట తడబడ్డారు కాబట్టి ముందు అది సరిచేసుకుందాం.

"బండి తిరిగిన కిలోమీటర్లను దాని వయసుతో భాగించండి. ఏడాదికి 10 వేల లోపు వస్తే ఎందుకో కనుక్కోండి" అని పోయినసారి రాశాను. మీలో ఎక్కువమంది దాన్ని "10 వేల లోపు వస్తే కొనేయండి" అని చదువుకున్నారు. తిరుపతి నుంచి రోజూ శ్రీసిటీకి వెళ్లే ఒక తమ్ముడు రెండు బండ్లు చూశాడు. ఒకటి చిత్తూరులో ఒక ఉద్యోగి వాడిన డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేలు తిరిగింది, షోరూమ్ ట్రాక్ (కంపెనీలో చేయించిన సర్వీసుల రికార్డు) మొత్తం ఉంది. రెండోది బెంగళూరు నుంచి వచ్చిన పెట్రోల్ బండి, సింగిల్ ఓనర్, మీటరు మీద 38 వేలు. రెండోదే తీసుకున్నాడు. నెల తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది, ఒక టైరు పక్కన ఉబ్బింది, గుంట దాటినప్పుడల్లా ముందు వైపు టకటక చప్పుడు. "తక్కువ తిరిగిన బండే కదన్నా, ఎందుకిలా?" అని అడిగాడు. ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు.

మీటరు దూరాన్ని మాత్రమే చెబుతుంది. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో, క్లచ్ ఎన్నిసార్లు తొక్కారో చెప్పదు. బెంగళూరు ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుందాం. 40 వేల కిలోమీటర్లు తిరగడానికి ఇంజన్ 2,000 గంటలు నడవాలి. తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద సగటు 60 అనుకుంటే 90 వేల కిలోమీటర్లకు 1,500 గంటలు చాలు. అంటే మీటరు మీద సగం కూడా లేని బండి ఇంజనే ఎక్కువ సేపు పని చేసింది. పైగా సిటీ బండి ఆ గంటల్లో ఎక్కువ భాగం ఒకటి, రెండు గేర్లలో, సిగ్నళ్ల దగ్గర ఆగి ఉండి, అర క్లచ్ మీద గడిపింది. హైవే బండి పాకాల దాటాక టాప్ గేర్‌లో పడిందంటే మళ్లీ గదంకి టోల్‌గేట్ దగ్గరో, ఏ ఊరి జంక్షన్‌లోనో తప్ప క్లచ్ అవసరమే రాదు.

బండి నిలబడి ఉన్నా వయసు ఆగదు. రబ్బరు ఎండిపోతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, టైమింగ్ బెల్టు (ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే బెల్టు) ఉన్న ఇంజన్లలో దానికి కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. అందుకే తక్కువ తిరిగిన పాత బండి దగ్గర నేను మొదట వంగి చూసేది టైరు పక్క గోడనే. డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో మే నెల ఎండలో రేణిగుంట–నాయుడుపేట రోడ్డు మీద 100 వేగంలో వెళ్లడానికి నేను ఒప్పుకోను. అమ్మేవాళ్లు "టైర్లు 80 శాతం ఉన్నాయి" అంటారు. ఆ 80 శాతం గాడుల లెక్క, వయసు లెక్క కాదు. స్టెప్నీ మీద కూడా ఆ అంకెలు చూడండి. స్టెప్నీ 2017ది, కింద ఉన్న నాలుగూ 2021వి అయితే ఒకసారి టైర్లు మార్చారన్నమాట. 38 వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగండి. వయసైపోయి మార్చి ఉంటే మంచిదే, బిల్లు చూపిస్తారు. బిల్లు లేక మాట నసిగితే మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు.

మీటరు తిప్పారో లేదో చూడటానికి నా దగ్గర కొన్ని దగ్గరి దారులున్నాయి. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిపోయి, డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి ఉండి, మీటరు మాత్రం 40 వేలు చూపిస్తే పాత బండ్లు అమ్మే ఆ కన్సల్టెన్సీలో ఇంకో నిమిషం ఉండను. పెడల్ రబ్బరు కొత్తగా మెరుస్తున్నా అనుమానమే. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు తెర మీద సగటు వేగం కనిపిస్తుంది. ట్రిప్ రీసెట్ చేయకపోతే బండి ఎక్కడ తిరిగిందో అదే చెప్పేస్తుంది: 20 దగ్గర ఉంటే సిటీ బండి, 45 దాటితే రోడ్డు బండి. వీటన్నిటికన్నా గట్టిది షోరూమ్ ట్రాక్. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ప్రతి సర్వీసు తేదీ, అప్పటి కిలోమీటర్లు రాయించుకోండి. మధ్యలో ఎక్కడైనా అంకె తగ్గితే ఆ బండి వదిలేయండి.

ఎక్కువ తిరిగిన బండి అంటే గుడ్డిగా కొనమని కాదు. నా హద్దు లక్షన్నర కిలోమీటర్లు. వీల్ బేరింగులు, షాకబ్జర్లు, డీజిల్ అయితే టర్బో (ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే భాగం), వీటికి కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఒకప్పుడు పసుపు బోర్డు మీద, అంటే ట్యాక్సీగా, తిరిగిందేమో ఆర్సీ వివరాల్లో చూడండి.

ఇప్పుడు ఏ బండి అన్న విషయం. బోనెట్ తీసి ఆయిల్ చూడటం, రంగు తేడాలు కనిపెట్టడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ముందు ఇంధనం తేల్చుకోండి. తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. రానుపోను 140, నెలకు 25 రోజులంటే 3,500. పెట్రోలు లీటరు 110 రూపాయలు, మైలేజీ 17 అనుకుంటే నెలకు 22,600 పైచిలుకు. డీజిల్ 97 రూపాయలు, మైలేజీ 22 అనుకుంటే 15,400. తేడా నెలకు 7 వేల పైన. ఇంత దూరానికి డీజిలే. పుత్తూరు నుంచి తిరుపతికి వచ్చిపోయేవాళ్లకు తేడా అందులో సగమే, వాళ్లు హాయిగా పెట్రోలు తీసుకోవచ్చు.

ఖర్చు తగ్గాలి, నడపడంలో ఆనందమూ ఉండాలి అంటే నా మొదటి ఓటు 2015 తర్వాత వచ్చిన ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్‌కు. 100 హార్స్‌పవర్, 215 ఎన్ఎం టార్క్ (లాగే బలం). ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి చాలామంది భయపడతారు, ఆ భయం వల్లే ధర దిగుతుంది. మీకు దగ్గర్లో సర్వీసు, సామాన్లు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కుని వెళ్లండి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగండి. ఆ తలనొప్పి వద్దనుకుంటే స్విఫ్ట్ 1.3 డీజిల్. మారుతి 2020 ఏప్రిల్ నాటికి డీజిల్ ఆపేసినా ఆ ఇంజన్ పని తెలిసిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు. టర్బో అందుకునే దాకా కాస్త మందంగా ఉంటుంది, అందుకున్నాక సాఫీగా లాగుతుంది. పెట్రోలులో 2020 తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ నాకు చాలా ఇష్టం. అదే పోలోలో పాత జీటీ టీఎస్ఐకి ఉన్న ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ పాత బండిలో వద్దు, రిపేరు బిల్లు తట్టుకోలేరు.

వేరియంట్ కూడా చూడండి. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు బేస్ మోడళ్లలో అది లేకుండా అమ్మినవి చాలా ఉన్నాయి. దామలచెరువు దగ్గర మామిడికాయల సీజన్‌లో ట్రాక్టర్లు ఉన్నట్టుండి రోడ్డెక్కుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేని బండి ఎంత చవకైనా ఈ పాఠంలో చోటు లేదు.

టెస్ట్ డ్రైవ్‌లో నాలుగు పనులు చేయండి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి కాబట్టి, ఉదయమే వెళ్తామని, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 50 వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. వేగం ఆగకుండా సాఫీగా 80కి చేరితే, రోజూ లారీలను దాటేటప్పుడు మీకు కావాల్సింది అదే. 80, 100 మధ్య స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగో, వంగిన రిమ్మో. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించండి. చివరగా, కనీసం 40 నిమిషాలు ఆపకుండా నడపండి. ఊళ్లో లీలామహల్ సర్కిల్ దాకా వెళ్లి వెనక్కి తిప్పితే నడుముకు సీటు సరిపోతుందో లేదో తెలియదు.

అభ్యాసం: వచ్చే పాఠం లోపు ఐదు బండ్లు చూడండి, ఒక్కటీ కొనకండి. జేబులో టోకెన్ అడ్వాన్స్ కూడా పెట్టుకోవద్దు. ప్రతి బండికీ మీటరు అంకె, ఐదు టైర్ల తయారీ తేదీలు, తెర మీద సగటు వేగం, మీటరు అంకెను సగటు వేగంతో భాగిస్తే వచ్చే ఇంజన్ తిరిగిన గంటలు, నాలుగో గేర్‌లో 50 నుంచి 80కి పట్టిన సెకన్లు రాయండి. సెకన్లు పక్కన కూర్చున్నవాళ్లు లెక్కపెట్టాలి, మీరు రోడ్డు మీదే చూపు ఉంచండి. ఐదింటిలో కనీసం రెండు 80 వేలు దాటినవై ఉండాలి. ఆ కాగితం ఫొటో పంపండి, ఒక్కొక్కరికీ జవాబు రాస్తాను.

ఐదో పాఠంలో బెంగళూరు, చెన్నై బండ్ల కాగితాలు చూద్దాం: ఎన్ఓసీ (పాత ఆర్టీవో ఇచ్చే 'అభ్యంతరం లేదు' పత్రం), మన రాష్ట్రంలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, 2015, 2023 డిసెంబరు వరదల్లో మునిగిన చెన్నై బండ్లను పట్టుకోవడం.