హస్త, చిత్త కార్తెల్లో బల్బు చుట్టూ మూగే పురుగులను బట్టి చేను సంగతి తెలుసుకోవడం ఎట్ట?

పుబ్బ పోయి ఉత్తర వచ్చిందంటే మా కోవూరు వైపు వరండాలో లైటేసుకుని అన్నం తినలేం, పళ్ళెంలో మెతుకుల కంటే పురుగులే ఎక్కువ. అందరూ లైటార్పేసి తింటారు. మా నాన్న మాత్రం చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ లైటేసి, గోడ మీద ఏమేం వాలాయో ఒక్కొక్కటీ చూసేవాడు. చిన్నప్పుడు చాదస్తం అనుకునేవాణ్ణి, ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నా, ఎందుకంటే మందుల షాపుకి పరిగెత్తే ముందు పది నిమిషాలు గోడ చూస్తే బోలెడు డబ్బు మిగులుతుంది.

గోడ కంటే టబ్బు ఇంకా మేలు. గట్టు మీద మూడు కర్రలు కట్టి బల్బు వేలాడదీసి, కింద వెడల్పాటి టబ్బులో నీళ్ళు పోసి కాస్త సబ్బుపొడి కలపండి, అంతే. తడి గట్టు మీద అతుకుల వైర్లు లాగొద్దు, ఛార్జింగ్ లైటు పెట్టుకోండి. బల్బు తెల్లదైతే పురుగులు ఎక్కువ వస్తాయి, పసుపు రంగుదైతే తక్కువ. కాబట్టి చేలో తెల్లది, ఇంటి వరండాలో పసుపుది. ఇది తెలియక మేము చాలాకాలం ఇంట్లో తెల్ల ట్యూబులైటు వేసి పురుగుల్ని తిట్టుకున్నాం.

చీకటి పడ్డాక వేసి తొమ్మిదిన్నరకల్లా ఆర్పేయండి. రాత్రంతా ఉంచితే చేనుకు మేలు చేసే పురుగులు కూడా అందులోనే పడి చస్తాయి. పౌర్ణమి రోజుల్లో వెన్నెలకు పురుగులు దీపానికి పెద్దగా రావు, ఆ నాలుగు రోజులూ టబ్బు ఖాళీగా ఉందని చేను బాగుందనుకోవద్దు.

పొద్దున్నే టబ్బులో ఏముందో చూడండి. పసుపు రంగు రెక్కల మీద చెరొక నల్ల చుక్క ఉంటే అది కాండం తొలిచే పురుగు తల్లి. "ఉత్తర చూసి ఎత్తర గంప" (ఉత్తరలోనూ వాన లేకపోతే గంప నెత్తినెత్తుకుని ఊరొదలమని) అంటారు గానీ మా నెల్లూరోళ్ళకి అది అంతగా పనికిరాదు, మాకు అసలు వాన అక్టోబరు నుంచే, నారుమళ్ళు పోసేదీ అప్పుడే. సరిగ్గా ఆ టైంలోనే ఈ పురుగు నారు ఆకుల కొసల్లో గుడ్లు పెట్టి పైన గోధుమ రంగు నూగు కప్పేస్తుంది. నాట్లేసే రోజు నారు కట్టల కొసలు తుంచేస్తే గుడ్లు అక్కడే పోతాయి, పైసా ఖర్చు లేదు. ఆ కొసల్ని చేలో పారేయకుండా బయటకి తీసుకెళ్ళి నాశనం చెయ్యాలి, లేకపోతే తుంచీ దండగ.

దీపావళి దగ్గర గుంపులుగా వచ్చి చొక్కాలోకి దూరే చిన్న పచ్చవి పచ్చదోమలు. చూడ్డానికి భయంగా ఉంటాయి గానీ అవి వచ్చాయని మందు కొట్టేయొద్దు, దుబ్బుల్లో చూసి అప్పుడు ఆలోచించండి.

గోధుమ రంగువి ఎక్కువ పడితే మాత్రం కాఫీ పక్కన పెట్టి చేలోకి నడవండి. అది సుడిదోమ. పైనుంచి కనపడదు, దుబ్బును చేత్తో విడదీసి నీటి మట్టం దగ్గర చూడాలి. ఒక ఏడు మా ఎడగారు (రెండో పంట) వరి ఈనే దశలో షాపాయన చెప్పాడని సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టాను. ఆ మందుకు సాలీళ్ళు, సుడిదోమను తినే చిన్న నల్లులు చచ్చాయి, దోమ మాత్రం రెట్టింపయ్యి చేను మధ్యలో గుండ్రంగా తగలబడినట్టు ఎండిపోయింది. ఆ ఏడు గింజల కంటే గడ్డే ఎక్కువ ఇంటికొచ్చింది. ఇప్పుడు చేసేది ఏమిటంటే, నాటేటప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట వదులుతా, యూరియా తగ్గిస్తా, దోమ కనపడగానే నీళ్ళు తీసి చేను ఆరబెడతా. ఈనే దశలో దుబ్బుకు 20, 25 దాకా వస్తేనే మందు సంగతి.

చీమలా సన్నగా, నారింజ నలుపు పట్టీలతో ఒకటి మెడ మీదకి పాకుతుంటుంది. దాన్ని చేత్తో నలపొద్దు, నలిపితే దాని రసం తగిలిన చోట మర్నాటికి కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఊది పంపించేసి సబ్బుతో కడుక్కోండి. విచిత్రమేమిటంటే చేలో అది సుడిదోమను తినే మన మనిషే!

కంది సంగతి మా బావనడగాలి, వాళ్ళది కొండపి వైపు. పూతలో చెట్టు కింద గుడ్డ పరిచి కొమ్మల్ని ఊపి ఎన్ని పచ్చపురుగులు రాలాయో లెక్కపెడతాడు, ఎకరానికి 20 పక్షి కర్రలు పాతుతాడు. చేను చుట్టూ రెండు సాళ్ళు బంతి కూడా వేస్తాడు, పురుగు దాని మీద గుడ్లు పెడుతుందని. పండక్కి బంతిపూలు అమ్ముకుంటాడు కూడా, ఆయనకి అన్నీ లాభాలే.

వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తే ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, వాకిట్లో ఒక్క దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి, అన్నీ అక్కడే పడతాయి. మా అమ్మ వాటిని దోరగా వేయించి బొరుగుల్లో కలిపేది. ఇప్పటి పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు.

తూనీగలు గుంపుగా తిరిగితే వదిలేయండి, అవి దోమల్ని తింటాయి. వాటిలో ఒక రకం ఈ కాలంలోనే సముద్రం మీదుగా మాల్దీవులు దాటి ఆఫ్రికా వైపు పోతుందని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. అంత చిన్న రెక్కలతో!

టబ్బులో ఏం పడిందో రోజూ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి. నేను గోడ క్యాలెండరులో తారీకు పక్కన "పచ్చదోమ, చాలా" అని రాస్తున్నా. పాల లెక్క రాసుకునే చోటు అది, మా ఆవిడ రెండు రోజులుగా మాట్లాడటం లేదు.