పాలమూరు, నల్లగొండ ఎండల్ల కుండీల బ్లూబెర్రీ పెంచాల్నంటే

బ్లూబెర్రీ పెడ్తమనేటోళ్లందరికి మన దిక్కు ఎండల భయమే ఉంటది, నేనైతే ఎండకంటె ముందుగాల నీళ్ల సంగతి చూసుకోమంట. ఈ మొక్కకి పుల్లటి మట్టి కావాలె, పీహెచ్ (పులుపు కొలత, ఎంత తక్కువుంటే అంత పులుపు) 4.5 నుంచి 5.5 నడుమ ఉండాలె, మన బోరు నీళ్లేమో శాన ఊర్లల్ల 7.5 దాటే ఉంటయి, ఫ్లోరైడ్ ఉన్న ఊర్లల్లయితే మామూలుగ పులుపుని విరిచే బైకార్బొనేట్లు గూడ ఎక్కువే. నీళ్లు కాగవెట్టే గిన్నెకి తెల్లగ పొర కడుతుందంటే ఆ నీళ్లు దీనికి పనికిరావు. మట్టి ఎంత మంచిగ కలిపినా రోజూ అవే పోస్తుంటే కొన్ని నెలలల్ల పులుపు మొత్తం పోతది, లేత ఆకులు పసుపు పచ్చగయి ఈనెలొక్కటే ఆకుపచ్చగ ఉంటయి. మట్టిల ఐరన్ ఉన్నా వేర్లు గుంజుకోలేక అట్లయితది, అప్పుడు ఎరువు ఎంతేసినా లాభం లేదు.

అందుకే మొక్క కొనకముందే ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకోండి. పదడుగులు బై పదడుగుల రేకుల మీద ఒక్క సెంటీమీటర్ వాన పడ్డా 90 లీటర్ల దాక వస్తయి, మొదటి వాన దుమ్ముతోని వస్తది కాబట్టి వదిలెయ్యాలె, దోమలు చేరకుండ మూత పెట్టాలె. సిమెంట్ తొట్టిల నిల్వ చేయొద్దు, సిమెంట్ కుండీ గూడ వద్దు, రెండిట్లకెళ్లి సున్నం దిగుతది. వాన నీళ్లు ఒడిసినంక ఏసీ పైపు నీళ్లు, లేకుంటే ఆర్వో నీళ్లు వాడుకోవచ్చు, ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు పోయొద్దు. ఏదీ దొరకకపోతే బోరు నీళ్లల్ల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చిటికెడు చిటికెడు కలుపుకుంట పీహెచ్ పేపర్ ముంచి చూడాలె, 5.5 దగ్గరికి వచ్చినంక ఆపాలె. అందాజగ వేస్తే వేర్లు ఖరాబైతయి.

రకం విషయంల మోసపోవద్దు. నార్తర్న్ హైబుష్ అనే చలి దేశాల రకాలకి 7 డిగ్రీల కింద 800 గంటల పైన చలి కావాలె, మన దగ్గర జనవరిల గూడ అంత చలి యాడిది. బిలోక్సీ, మిస్టీ, షార్ప్‌బ్లూ, సన్‌షైన్ బ్లూ లాంటి తక్కువ చలితో కాసేటియి అడగండి, రెండు వేరే రకాలు పక్కపక్కన పెడితే కాయ మంచిగొస్తది. విత్తనాల ప్యాకెట్ల మీద పైసలు పెట్టకండి, కాయ కాసేసరికి ఏండ్లు పడతయి.

నల్లరేగడి, చెల్క మట్టి రెండూ వద్దు. సగం పీట్ మాస్ (నాచు కుళ్లి తయారైన పుల్లటి పొడి), పావు వంతు బాగ కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పావు వంతు పెర్లైట్ (తెల్లటి తేలికైన గుల్ల రాయి) కలిపితే చాలు, పీట్ మాస్‌కి ఖర్చయితది గని అక్కడ పిసినారితనం చేస్తే మిగిలిన ఖర్చంతా దండగే. బూడిద, సున్నం, బోన్ మీల్ (ఎముకల పొడి) దగ్గరికే రానియ్యొద్దు. మొదట 12 ఇంచుల కుండీ, తర్వాత 18 ఇంచులది, అడుగున బొక్కలు మంచిగుండాలె.

నాటుడు దసరా, దీపావళి మధ్యల మేలు. వేర్లు పైపైనే ఉంటయి, నల్ల కుండీ ఎండల పెడితే అవి ఉడికిపోతయి, తెల్ల కుండీ తీసుకోండి లేదంటే తడి గోనెసంచి చుట్టండి, పైన రెండు ఇంచుల మందం పల్లి పొట్టు పరచండి, మన పాలమూరుల దానికి కరువు లేదు కదా. ఇంటికి తూర్పు దిక్కు పొద్దుగాల ఎండ తగిలే జాగ మంచిది, ఫిబ్రవరి ఆఖరు నుంచి వానలు పడేదాక 50 శాతం షేడ్ నెట్ కట్టాలె. మే నెలల పొద్దున, సాయంత్రం తడి చూసి పోయాలె, నీళ్లు నిల్వద్దు.

ఎరువంటే అమ్మోనియం సల్ఫేట్, చిన్న మొక్కకి అర టీస్పూన్ నీళ్లల్ల కరిగించి నెలకొక్కసారి, గట్టి ఎండల్ల అది గూడ ఆపెయ్యండి.

మొదటి ఏడు పూత గిల్లెయ్యాలె, బాధనిపిస్తది గని మొక్క బలపడాలె కదా. తర్వాత కాయ పట్టినంక పిట్టలు తినకుండ వల కట్టండి. నీలం రాంగనే తెంపకండి, తెంపినంక తీపి పెరగదు, తొడిమ దగ్గర ఎరుపు మొత్తం పోయి బొటనవేలుతోని అట్ల తాకంగనే ఊడివచ్చేదాక ఇంకో నాలుగైదు రోజులు ఆగండి.