న్యూ మెక్సికో వంటలు - 3వ పాఠం: కాల్చిన పచ్చిమిర్చితో చికెన్ స్టూ

పోయిన పాఠంలో మిరపకాయలు కాల్చి, మూతపెట్టి మగ్గించి, తొక్క తీశాం. ఈ రోజు ఆ మిర్చితోనే ఐదుగురికి సరిపడా స్టూ వండుదాం.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో హాచ్ మిర్చి (న్యూ మెక్సికో రాష్ట్రంలో హాచ్ ఊరి చుట్టుపక్కల పండే పొడవాటి పచ్చిమిర్చి) దొరుకుతుంది. మన దగ్గరైతే పొడవాటి బజ్జీ మిరపకాయలు వాడండి. కాల్చి, తొక్క తీశాక పావుకిలో ఉండాలి. ఒక ముక్క కొరికి చూడండి. మరీ చప్పగా ఉంటే రెండు మామూలు పచ్చిమిరపకాయలు కాల్చి కలపండి. ఆ రాష్ట్రంలోని రియో గ్రాండే నది లోయలో ఈ మిర్చిని ఘాటు కోసమే కాదు, కూరగాయలాగా గుప్పెళ్లకొద్దీ వేస్తారు. ఈ వంటకి ప్రాణం అదే. అందుకే అల్లం, గరం మసాలా, పసుపు పక్కన పెట్టేయమంటున్నాను. అవి పడితే కాల్చిన వాసన అణిగిపోతుంది.

ముప్పావుకిలో చికెన్ తొడ ముక్కలు, ఎముకతోనే తీసుకోండి. బ్రెస్ట్ ముక్కలు వద్దు, ఇంతసేపు ఉడికితే పీచులా ఎండిపోతాయి. మనం కూరకైతే చికెన్ వేయగానే ఉప్పు చల్లి, మూతపెట్టి నీళ్లు ఊరనిస్తాం. ఇక్కడ అలా చేయొద్దు. ముక్కల తడి గుడ్డతో పూర్తిగా అద్దండి. తడి ఉంటే ముక్క వేగదు, ఆవిరికి ఉడుకుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ముక్క దానంతటదే అడుగు వదిలితే తిప్పే సమయం వచ్చినట్టు. రెండో వైపు కూడా ఎర్రబడ్డాక తీసి పక్కన పెట్టండి.

అదే నూనెలో రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు తరిగి వేయించండి. మెత్తబడ్డాక చెంచా జీలకర్ర నలిపి, అర చెంచా ఓరెగానో (పిజ్జాతో వచ్చే పొట్లాలు చాలు), ఒక పెద్ద చెంచా మైదా వేసి నిమిషం కలపండి. లీటరు నీళ్లు పోసి, అడుగున అంటిన గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకి నీళ్లలో కలిపేయండి. అది మాడు కాదు, స్టూకి రుచంతా అందులోనే ఉంది.

ఇప్పుడు చికెన్, సగం మిర్చి, చెంచాన్నర ఉప్పు వేసి సన్నని మంట మీద అరగంట ఉడికించండి. ముక్కలు తీసి, ఎముకలు వేరుచేసి, మాంసాన్ని చేత్తో పెద్దగా చీల్చుకోండి. బంగాళాదుంపలు మూడు, పెద్ద ముక్కలుగా కోసి గిన్నెలో వేయండి. అవి మెత్తబడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చివర్లో మాంసం తిరిగి వేసి ఓ పొంగు రానివ్వండి.

మిగతా సగం మిర్చి పెద్దవాళ్ల గిన్నెల్లో వడ్డించేటప్పుడు కలపండి. పిల్లలకి కారం తగిలితే పాలో పెరుగో ఇవ్వండి. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు కాబట్టి మంచినీళ్లు తాగించి లాభం లేదు.

అక్కడ మైదా టోర్టియాలతో (పల్చటి రొట్టెలతో) తింటారు, మన ఇళ్లలో వేడి పుల్కాలు చక్కగా కుదురుతాయి.

"ఎరుపా, పచ్చా?" అన్నది న్యూ మెక్సికో అధికారిక రాష్ట్ర ప్రశ్న. ఏ మిర్చి కావాలని హోటల్లో అడిగే మాట అది. పచ్చ అయిపోయింది. వచ్చే పాఠానికి కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఎండుమిర్చి వంద గ్రాములు తెచ్చి, తొడిమలు, గింజలు తీసి ఉంచండి.