తల తిరిగితే ముందు గడియారం చూడండి

మా విజయనగరంలో ఎవరికైనా తల తిరిగిందంటే వినిపించేవి మూడే మాటలు: బీపీ, నీరసం, గ్యాస్. నాకూ అంతే జరిగింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను, ఎడమ చెవిని ఎవరో అరచేత్తో అదిమినట్టు బిగుసుకుపోయింది, లోపల రైస్ మిల్లు ఆడుతున్నట్టు హోరు, ఆ వెంటనే దండెం, గోడ, జామచెట్టు అన్నీ కలిసి గిరగిరా తిరిగాయి. కిందపడి వాంతులు. సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేశారు. మళ్లీ వచ్చినప్పుడు మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు, ఏడాదిన్నర దాంతోనే తిరిగాను. చివరికి చెవి డాక్టరు దగ్గరికి వెళితే ఇది మెనియేర్ అనే లోపలి చెవి జబ్బని తేలింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతసేపు తిరిగిందమ్మా?" నా దగ్గర జవాబు లేదు. గడియారం ఎవరు చూశారు?

మీరు మాత్రం చూడండి, సగం విషయం అక్కడే తేలుతుంది. మంచం మీద పక్కకి ఒత్తిగిలినప్పుడో, పైకి చూసినప్పుడో నిమిషంలోపు తిరిగి ఆగిపోతే అది చాలావరకు చెవిలోని సన్నటి రేణువులు తప్పుకోవడం వల్ల వచ్చేది. డాక్టరు తలని ఒక వరసలో అటూ ఇటూ తిప్పి చాలామందికి ఒకటి రెండు సార్లలోనే సరిచేస్తారు, నెలల తరబడి మాత్రలు అక్కర్లేదు. ఆగకుండా రోజుల తరబడి తిరిగితే చెవి నరం వాపు కావచ్చు. ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటల దాకా ఉండి, మళ్లీ మళ్లీ వస్తూ, దాంతో పాటు ఒక చెవిలో హోరు, బిగువు, వినికిడి తగ్గడం ఉంటే మెనియేర్ జబ్బేమోనని అనుమానించాలి. తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పట్టుతప్పినా, వస్తువులు రెండుగా కనపడినా మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ చెవి, ముందురోజు ఏం తిన్నారు, నిద్ర పట్టిందా, అంతే. ఇంకో పని ఇంట్లోవాళ్లకి అప్పజెప్పండి: తిరుగుతున్నప్పుడు మీ కళ్లని ఫోన్లో వీడియో తీయమనండి. మా ఆయన తీసిన దాంట్లో నా కనుగుడ్లు మెల్లగా ఒక పక్కకి జారి టక్కున వెనక్కి వస్తున్నాయి, మళ్లీ జారుతున్నాయి, మళ్లీ టక్కున వస్తున్నాయి. చూస్తే నాకే భయమేసింది గానీ డాక్టరుకి అది చాలా పనికొచ్చింది. వినికిడి పరీక్ష కాగితాలు కూడా పారేయకండి. మెనియేర్‌లో మొదట బొంగురు శబ్దాలు వినపడటం తగ్గుతుంది, ఒకసారి తగ్గి మళ్లీ వస్తుంది, కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే సంగతి తెలుస్తుంది. ఒకవైపే వినికిడి తగ్గితే ఎమ్మారై రాస్తారు, అది నరం మీద గడ్డలాంటిదేమీ లేదని చూసుకోవడానికే, కంగారు పడకండి.

అసలు లోపల జరిగేదేంటంటే, వినడానికి నత్తగుల్లలాంటి భాగం, నిలకడకి మూడు వంపు గొట్టాలు, రెంటిలోనూ ఉండేది ఒకటే నీరు. ఆ నీరు ఎక్కువై పొర ఉబ్బుతుంది, అందుకే వినికిడి, నిలకడ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. ఎందుకు ఉబ్బుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. ఇలాంటి తిప్పు మెదడు జబ్బు కాదు, లోపలి చెవిదని ప్రోస్పర్ మెనియేర్ అనే పారిస్ డాక్టరు 1861లోనే చెప్పాడు. మా వీధిలో ఇంకా గ్యాసే.

తిప్పు మొదలైతే మంచం దాకా నడిచే సాహసం చేయకండి. ఉన్నచోటే కూర్చోండి, వీలైతే పడుకోండి, కదలని వస్తువు ఒకదాన్ని చూస్తూ ఉండండి. నాకు క్యాలెండర్ మేకు. వాంతికి, తిప్పుకి స్టెమెటిల్ లాంటి మాత్ర ఇస్తారు, అది ఆ పూటకి, మహా అయితే రెండు మూడు రోజులకి. రోజూ మింగితే మెదడు కొత్త పరిస్థితికి సర్దుకోవడం ఆలస్యమవుతుంది. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

ఇక ఉప్పు. ఇదే మనవాళ్లకి కష్టం. రోజుకి సోడియం 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉంచమంటారు, ఒక టీస్పూను ఉప్పులోనే సుమారు 2,300 ఉంటుంది. కూరలో తగ్గించేసి గొప్పగా ఫీలయ్యాను గానీ, చద్దన్నంలో ఆవకాయ, పప్పులోకి అప్పడం, ఊరమిరపకాయ, కళింగపట్నం నుంచి మా వదిన పంపే ఎండు మెత్తళ్ల చేపలు, ఇవన్నీ లెక్కలోకి రావనుకున్నాను. మెత్తళ్లు రెండు మూడు నీళ్లలో నానబెట్టి కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. ఉప్పు తగ్గిస్తే అందరికీ తగ్గుతుందని గట్టి రుజువు లేదు, అయినా ఒక రోజు బాగా తక్కువ, పెళ్లి భోజనం రోజు బాగా ఎక్కువ కాకుండా రోజూ ఒకేలా ఉంచుకోవడం నా మటుకు నాకు పనిచేసింది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అడగకుండా వాడొద్దు. టీ కూడా తగ్గించమంటారు, నేను రెండు కప్పులకి తెచ్చాను, మూడో కప్పు మా అత్తయ్యగారికి తెలియకుండా.

మందుల్లో ఎక్కువగా రాసేది బీటాహిస్టిన్. జర్మనీలో 221 మంది మీద చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో మందు లేని ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనపడలేదు, అయినా తగ్గిందనేవాళ్లు ఉన్నారు. ఆస్తమా, కడుపులో పుండు ఉంటే ముందే డాక్టరుకి చెప్పండి. నీరు తగ్గించే మాత్రలూ ఉన్నాయి. వీటికీ లొంగకపోతే చెవిపొర గుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఆ తర్వాతిది జెంటామైసిన్ అనే మందు ఇంజెక్షన్, తిప్పు ఆగుతుంది గానీ వినికిడి ఇంకా తగ్గే ప్రమాదం ఉంది, తొందరపడి ఒప్పుకోకండి.

తిప్పు లేని రోజుల్లో కూడా చెవి నమ్మకంగా పనిచేయకపోతే ఒంటిని నిలబెట్టేది కళ్లూ పాదాలే. అందుకే చీకటి ప్రమాదం. రాత్రి బాత్రూమ్ దారిలో చిన్న లైటు వెలిగే ఉంచండి. నిచ్చెన, నూతి గట్టు, ఒంటరిగా సముద్రస్నానం వద్దు, బండి సంగతి డాక్టరు చెప్పాకే. తెలివిలో ఉండగానే ఎవరో తోసినట్టు ఉన్నట్టుండి కూలబడితే వెంటనే చెప్పండి, అది ఈ జబ్బులో ఒక రకం. సిరిమానోత్సవం రోజు నేను మూడు లాంతర్ల కూడలి దగ్గర గుంపులో నిలబడటం మానేశాను, మైకు మోత ఆ చెవిలో పగిలిన డప్పులా వినిపిస్తుంది. తెలిసినవాళ్ల మేడ మీంచి చూసి దండం పెట్టుకుంటాను.

ఒకసారి బస్టాండులో గోడ పట్టుకుని తూలుతుంటే "పొద్దున్నే తాగేసింది" అన్నారు. అప్పటినుంచి పర్సులో చిన్న కార్డు పెట్టుకున్నాను: "నాకు చెవి జబ్బు. కాసేపట్లో తగ్గుతుంది. కూర్చోబెట్టి ఈ నంబరుకి ఫోన్ చేయండి." కింద మా ఆయన నంబరు. పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయండి.